మూడో నంబరు ఇంటి ఆకుపచ్చ మూత

మా పెలికన్ కోర్టులో ఒక నమ్మకం ఉంది. మూడో నంబరు ఇంటి మెర్ల్ ట్రెవాస్కిస్ బుధవారం సాయంత్రం ఏ రంగు మూత చెత్త డబ్బాను రోడ్డు అంచుకు తెచ్చి నిలబెడుతుందో, గురువారం ఉదయం లారీ ఆ రంగు డబ్బాలనే ఎత్తుతుందని, ఇరవై ఆరేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా తప్పలేదని.

ఎర్ర మూత డబ్బాతో పేచీ లేదు. అది చిన్నది, ప్రతి వారం పోతుంది, కాని అందులో తిండి చెత్త వెయ్యనివ్వరు. చిక్కంతా మిగిలిన రెండింటితోనే. ఒక వారం ఆకుపచ్చ మూత, అంటే తోట చెత్త, తిండి చెత్త. మరుసటి వారం పసుపు మూత, అంటే సీసాలు, అట్టపెట్టెలు, కాగితాలు. ఏ వారం ఏదో గుర్తుపెట్టుకునే శ్రమను మా వీధిలోని పధ్నాలుగు ఇళ్ళలో పన్నెండు ఎప్పుడో వదులుకున్నాయి. కిటికీ తెర తొలగించి మెర్ల్ గుమ్మం వైపు చూస్తారు, చూసి తమ డబ్బా లాగుతారు.

ఆ పన్నెండూ, మెర్ల్ ఇల్లూ పోగా మిగిలిన ఒక్క ఇల్లు నాది, పదకొండో నంబరు. ముప్ఫై నాలుగేళ్ళు వాతావరణ కేంద్రంలో పరిశీలకుడిగా పనిచేశాను. ఉద్యోగం నన్ను వదిలింది గాని నోటు పుస్తకం వదల్లేదు. గడచిన అరవై ఒక్క వారాలుగా మెర్ల్ పెట్టిన మూత రంగును ఒక గడిలో, లారీ ఎత్తిన మూత రంగును పక్క గడిలో రాస్తూ వచ్చాను. అరవై ఒక్కసార్లూ కలిశాయి. దీనివల్ల రుజువయ్యేది ఏమీ లేదు. రంగులు వారం వారం మారుతున్నంత కాలం, పోయిన వారం గుర్తున్న ఎవరైనా ఈ వారం తప్పరు. ఆమెకు నిజంగా ఏమైనా తెలుసా అన్నది తేలాలంటే ముందు ఆ వరుస తెగాలి.

క్రిస్మస్‌కు ముందు కౌన్సిల్ పంచిన కరపత్రం ఆ అవకాశం ఇచ్చింది. ఊరిని రెండు విభాగాలు చేశారు. మా వీధి రెండో విభాగం. సంవత్సరంలో బేసి వారాల్లో ఆకుపచ్చ, సరి వారాల్లో పసుపు. మా వెనకాల ఉన్న బాంక్సియా వీధి మొదటి విభాగం, అక్కడ ఇందుకు తలకిందులు. కరపత్రాన్ని ఫ్రిజ్ తలుపు మీద పెట్టి అయస్కాంతపు బిళ్ళతో అదిమాను. ఉద్యోగ విరమణ రోజున సహోద్యోగులు ఇచ్చిన బిళ్ళ అది, వాయుభారమాపకం ఆకారంలో అరచెయ్యంత ఉంటుంది. జనవరి ఎనిమిదో తేదీ గురువారం సంవత్సరపు రెండో వారంలో పడుతుంది. రెండు సరి సంఖ్య. కనుక పసుపు. మొదటి వారంలో కూడా లారీ పసుపే ఎత్తింది. కరపత్రం ప్రకారం అది ఆకుపచ్చ వారం కావాలి. సెలవుల గందరగోళం అయి ఉంటుందని అంచున రాసుకుని ఊరుకున్నాను.

ఆ గురువారం రంగు మీద ఒక పెళ్ళి ఆధారపడి ఉంది.

పన్నెండో నంబరు ఇంటి సేనీ ఫొనువా బడి వంటశాలలో పని చేస్తుంది. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. అయిదో నంబరు డుగల్ మెక్రే ఊరి బస్సు నడుపుతాడు, యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా పెళ్ళి చేసుకోలేదు. వీళ్ళిద్దరి పెళ్ళి శనివారం సాయంత్రం సేనీ ఇంటి పెరట్లో, నూట నలభైమంది మధ్య. అంతకు ముందు ఆదివారం వీధి వీధంతా ఆమె ఇంట్లోనే వాళ్ళకు విందు చేసింది. మా దేశంలో జనవరి నడివేసవి, జనవరి విందు అంటే రొయ్యలు. వేసవిలో రొయ్యల తలలూ పెంకులూ డబ్బాలో వేస్తే రెండో రోజుకు ఇంట్లో ఉండలేం కాబట్టి, డబ్బా పోయే రోజు దాకా వాటిని ఫ్రీజర్‌లో దాస్తాం. ఎవరి ఇంట్లో విందు జరిగితే వాళ్ళ ఫ్రీజర్. అలా పధ్నాలుగు ఇళ్ళు తిన్న రొయ్యల పెంకులు ఎనిమిది సంచులుగా సేనీ గరాజ్‌లోని పెద్ద ఫ్రీజర్‌ను నింపేశాయి. గురువారం ఉదయం పది గంటలకు ఆమె తమ్ముడు విలియామి లోగన్ ఊరి నుంచి, కోసి శుభ్రం చేసిన నాలుగు పందులతో, రెండు పెట్టెల చేమ ఆకుతో దిగుతాడు. వాటిని పెట్టడానికి ఆ ఫ్రీజర్ తప్ప వీధిలో చోటు లేదు. మిగతావాళ్ళ ఫ్రీజర్లలో పండుగ మాంసం ఇంకా అలాగే ఉంది. ఊరి చెత్త కేంద్రం మరమ్మతులకని పన్నెండో తేదీ దాకా మూసేశారు. ఆకుపచ్చ మూత గురువారం పోకపోతే పెంకులు కదలవు, పెంకులు కదలకపోతే పందులు రావు, పందులు రాకపోతే సేనీ వైపు వాళ్ళు దాన్ని పెళ్ళి అనరు. పెంకుల్ని బయట పెట్టేద్దామా అంటే, శనివారం ముప్ఫై తొమ్మిది డిగ్రీలు దాటవచ్చని నేనే లెక్కగట్టి చెప్పి ఉన్నాను.

బుధవారం నాలుగు గంటలకు మెర్ల్ గేటు కిర్రుమంది. నేను వరండాలోనే ఉన్నాను. ఆమె లాక్కొచ్చి నిలబెట్టిన డబ్బా మూత ఆకుపచ్చ.

"పెట్టేసింది!" డుగల్ గొంతు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు వినిపించింది. "సేనీ! పచ్చ! పచ్చే!"

సేనీ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఆ మెర్ల్ ఆంటీ చేతులు కళ్ళకద్దుకోవాలి! సంచులు ఇప్పుడే తీసేద్దామా, పొద్దున్నా?"

అప్పటికే మూడు నాలుగు ఇళ్ళ ముందు ఆకుపచ్చ మూతలు కదలడం మొదలైంది. నేను నోటు పుస్తకం పట్టుకుని రోడ్డు మీదకు వచ్చాను.

"తొందరపడకండి. రేపు పసుపు," అన్నాను.

"ప్రొఫెసర్ గారు దిగారండోయ్!" అన్నాడు డుగల్. "ఏం క్లెమ్, కళ్ళజోడు తుడుచుకోలేదా? అక్కడ నిలబడ్డ మూత పచ్చ."

"మూత నేనూ చూశాను. కౌన్సిల్ పంపిన కాగితం నువ్వు చూశావా?"

"చూశా. పోయిన శనివారం బార్బెక్యూ దాంతోనే అంటించా. చక్కగా మండింది."

సేనీ నా మోచెయ్యి పట్టుకుంది. "అంకుల్ క్లెమ్, నాతో ఆటలాడకు. ఎనిమిది సంచులున్నాయి. పదింటికల్లా తమ్ముడు దిగుతాడు. పచ్చా, పసుపా? ఒక్క మాట చెప్పు."

నోటు పుస్తకంలో రాసుకున్న విభాగాల లెక్క విప్పి చెప్పాను. వాళ్ళు నా మొహం చూశారు, మెర్ల్ డబ్బా చూశారు, మళ్ళీ నా మొహం చూశారు. చివరకు అందరం కలిసి మెర్ల్ గుమ్మానికి వెళ్ళాం.

మెర్ల్‌కు డెబ్బై తొమ్మిదేళ్ళు. వయసులో ఉండగా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పని చేసింది, ఆ గొంతు ఇంకా అలాగే ఉంది.

"మెర్ల్, ఏ వారం ఏ రంగో నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"అడిగావా ఇన్నాళ్ళకి!" అంది ఆమె. "ఇరవై ఆరేళ్ళలో ఒక్కరికైనా ఆ ముక్క నోట్లోంచి రాలేదు. రండి, చూపిస్తా."

పెరటి మెట్ల మీదకు తీసుకెళ్ళింది. అక్కడ నుంచి కంచె మీదుగా బాంక్సియా వీధి మలుపు శుభ్రంగా కనిపిస్తోంది.

"వాళ్ళకి లారీ బుధవారం వస్తుంది. పొద్దున్న ఆరింటికి టీ పట్టుకుని ఈ మెట్టు మీద కూర్చుంటా. అక్కడ ఏ మూత ఎత్తితే మర్నాడు మనకీ అదే. అదే లారీ, అదే పిల్ల జోయెలీన్. ఇవాళ పచ్చ ఎత్తింది. అంతే."

అందరం ఆ మలుపు వైపు మెడలు చాచాం.

"అంతేనా?" అన్నాడు డుగల్. "పక్క వీధిలోకి తొంగిచూడటమా? నీ మోకాలికేదో తెలిసిపోతుందని ఇన్నాళ్ళూ నా బస్సులో అందరికీ చెప్పుకు తిరిగానే!"

"మోకాలికి వాన తెలుస్తుంది గాని చెత్త తెలీదు నాయనా. నాకు దివ్యదృష్టి ఉందని నేనెప్పుడైనా అన్నానా?"

నాకు మాత్రం పట్టరాని ఉత్సాహం కలిగింది. అరవై ఒక్క వారాలు నేను వెతికిన జవాబు అది. జోస్యం కాదు, జ్ఞాపకం కాదు, పరిశీలన. కాని ఆ పరిశీలన చెల్లాలంటే రెండు వీధులూ ఒకే వరుసలో ఉండాలి. ఇప్పుడు లేవు. ఆ మాటే చెప్పాను.

"బాంక్సియాలో ఇవాళ పచ్చ ఎత్తారంటే, మనకు రేపు పసుపని అర్థం. నీ సాక్ష్యం నా లెక్కనే బలపరుస్తోంది, మెర్ల్."

"లారీ కాగితాలు చదవదు క్లెమ్."

"లారీ నడిపేవాళ్ళకు కాగితం ఇచ్చేది కౌన్సిలే."

"సరేలే. నువ్వు చదివింది నీది, నేను చూసింది నాది. పొద్దున్న ఆరింటికి తెలుస్తుందిగా," అని మెర్ల్ కప్పులో అడుగున మిగిలిన టీ మొక్కలో పోసింది.

తరువాత జరిగింది నేను ఊహించనిది. కారణం తెలియనంత కాలం ఆమెను నమ్మిన వీధి, కారణం తెలియగానే నమ్మడం మానేసింది. అయిదున్నరకల్లా బయటికొచ్చిన ఆకుపచ్చ డబ్బాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళాయి, వాటి స్థానంలో పసుపు మూతలు నిలబడ్డాయి. మెర్ల్ ఇంటి ముందు ఒక్కటే ఆకుపచ్చ మిగిలింది.

"రెండూ పెట్టి చూస్తే?" అన్నాడు డుగల్.

"అది పరీక్ష కాదు, భయం," అన్నాను. "పెంకులు రాత్రంతా బయటుంటే కరుగుతాయి. పొద్దున పచ్చ ఎత్తకపోతే శనివారం దాకా వాటి మధ్యే మీ పెళ్ళి."

సేనీ తన గరాజ్ తలుపు వైపు చూసింది. "అయితే ఫ్రీజర్ తెరవను. పొద్దున ఏడింటికి విలియామికి ఫోన్ చేసి ఆగిపొమ్మంటా. పెళ్ళి వచ్చే శనివారం పెట్టుకుందాం." గొంతు మామూలుగానే ఉంది గాని, డుగల్ వైపు చూడలేదు.

"యాభై ఎనిమిదేళ్ళు ఆగినవాణ్ణి. ఇంకో వారం ఎంతసేపు," అని డుగల్ నవ్వాడు. నవ్వి, చేతిలో ఉన్న టోపీని అటూ ఇటూ తిప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

గురువారం అయిదు ముప్పావుకే నా పసుపు డబ్బా పక్కన నిలబడ్డాను. వీధి సంగతి చెప్పాలి. రెండు వరుసల ఇళ్ళు, చివర లారీ తిరిగేందుకు గుండ్రని జాగా. లారీ ఎడమ అంచున బేసి నంబర్ల డబ్బాలు ఎత్తుకుంటూ లోపలికి వస్తుంది, చివర తిరిగి సరి నంబర్లు ఎత్తుకుంటూ బయటికి పోతుంది. ఒకసారి దాటిన అంచుకు మళ్ళీ రాదు. సేనీ ఇల్లు మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, తిరుగు వరుసలో.

ఆరు గంటల నాలుగు నిమిషాలకు లారీ మలుపు తిరిగింది. ఒకటో నంబరు పసుపు మూత ముందు వేగం తగ్గించి, ఆగకుండా దాటింది. మూడో నంబరు ముందు ఆగింది. పక్కనుంచి ఇనుప చెయ్యి చాచి, మెర్ల్ ఆకుపచ్చ డబ్బాను నడుము పట్టుకుని పైకెత్తి, బోర్లించి, దించింది.

నేను రాయడానికి పెన్సిల్ పెట్టాను. ముల్లు విరిగింది.

"పచ్చ!" మెర్ల్ గొంతు ఎక్స్‌ఛేంజిలోంచి లేచినట్టు లేచింది. "లేవండర్రా, పచ్చ! సేనీ! లే! పచ్చ!"

తలుపులు దభదభ తెరుచుకున్నాయి. డుగల్ నిక్కరు మీద, ఒక కాలికే చెప్పుతో రోడ్డెక్కాడు. పెరళ్ళలోంచి ఆకుపచ్చ డబ్బాలు గడగడమని బయటికొస్తున్నాయి. లారీ అప్పటికే అయిదు, ఏడు దాటేసింది.

"బేసి వాళ్ళంతా అటు లాగండి! సరి పక్కకి!" అని మెర్ల్ రోడ్డు మధ్య నిలబడి చేతులూపింది. "తిరిగొచ్చేటప్పుడు ఎత్తుతుంది! డుగల్, నీ డబ్బా నేను చూస్తా, నువ్వు సేనీ దగ్గరికి ఫో!"

సేనీ గరాజ్ తలుపు పైకి లేచింది. లోపల నుంచి ఆమె కేక. "ముద్దయిపోయాయి! ఎనిమిదీ అతుక్కుపోయి ఒక్కటే ముద్ద!"

"గునపం ఉందా?"

"గునపమెందుకు, చేతులు పెట్టు! ఎత్తు!"

లారీ తొమ్మిదిని దాటింది. లెక్క వేశాను. నా ఇంటి ముందు నుంచి, చివర తిరిగి, సేనీ ఇంటి ముందుకు రావడానికి నలభై సెకన్లు. ఫ్రీజర్ అంచుకు ఆనుకుని మూలుగుతున్న ఆ ఇద్దరికి కావలసింది కనీసం మూడు నిమిషాలు. నా ఆకుపచ్చ డబ్బా పెరట్లో ఉంది. దాన్ని తెచ్చుకోవడానికి ఒక నిమిషం చాలు. తిరిగి పెరటి వైపు ఒక అడుగు వేశాను. వేసి, ఆగి, రోడ్డు అంచుకు వచ్చి చెయ్యెత్తాను.

లారీ ఆగింది. జోయెలీన్ అద్దం దించింది. ఎర్రగా కమిలిన ముంజేతులు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి.

"పసుపు వచ్చే వారం తాతా. లోపల పెట్టుకో."

"నీ ఆధారం ఏమిటో తెలుసుకోవచ్చా?" అన్నాను.

"ఏంటీ?"

"ఇది సంవత్సరంలో రెండో వారం. మాది రెండో విభాగం. సరి వారంలో పసుపని కరపత్రంలో ఉంది. నువ్వు ఆకుపచ్చ ఎత్తుతున్నావు. దేని ఆధారంగా?"

"నేను తోలేది పచ్చ లారీ. అదీ ఆధారం." నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది. "కాగితం అడుగు దాకా చదివావా?"

"చదివాను."

"మొత్తం?"

"మొత్తం."

"అయితే ఫిబ్రవరి రెండు నుంచి అన్న ముక్క ఎక్కడుందో చెప్పు."

నేను నోటు పుస్తకం మూశాను. "ఒక్క నిమిషం ఆగగలవా? చూసి వస్తాను. నాకది తేలాలి."

"ఒక్క నిమిషం. టీ తాగుతుంటా," అని ఆమె ఫ్లాస్కు మూత తిప్పింది.

నేను పరుగెత్తలేదు. నా మోకాళ్ళు ఎలాగూ ఒప్పుకోవు, ఆ ఉదయం వాటిని బతిమాలనూ లేదు. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీది వాయుభారమాపకాన్ని పీకాను. దాని కింద, కాగితం చిట్టచివర, సన్నని అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఈ విభజన ఫిబ్రవరి రెండు నుంచి అమలులోకి వస్తుంది, అంతవరకు పాత వరుసే కొనసాగుతుంది. రెండుసార్లు చదివాను. మొదటి వారపు పసుపు కూడా ఆ పాత వరుసతో కలిసింది. కాగితం పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగి బయటికొచ్చాను.

"ఉందా?" అంది జోయెలీన్.

"ఉంది."

"మరి చదివానన్నావు?"

"దాని మీద బిళ్ళ ఉంది."

ఆమె స్టీరింగు మీద తల వాల్చి నవ్వింది. నవ్వుతూ హారన్ కూడా నొక్కింది. ఆ చప్పుడుకి ఎదురింట్లోంచి డుగల్ గొంతు, "వస్తున్నాం, వస్తున్నాం! తీసుకుపోకు తల్లీ!"

వాళ్ళు వచ్చారు. డుగల్ ముందు నుంచి లాగుతున్నాడు, సేనీ వెనక నుంచి భుజంతో తోస్తోంది. డబ్బా మూత పడలేదు. మంచు పట్టిన సంచుల ముద్ద ఒక మూల పైకి పొడుచుకొచ్చి పొగలు కక్కుతోంది. చక్రాలు గడ్డిలో దిగబడ్డాయి. రెండో నంబరు నుంచి ఒకరు, తొమ్మిది నుంచి ఒకరు పరుగెత్తుకొచ్చి చెయ్యేశారు. మెర్ల్ పక్కన నడుస్తూ, "ఎడమకి! గట్టు మీద పడేస్తారు, ఎడమకి!" అని ఆపకుండా అరుస్తోంది.

లారీ కదిలింది. చివర గుండ్రంగా తిరిగింది. పధ్నాలుగో నంబరు ఎత్తింది. ఆ పక్కన పన్నెండో నంబరు ముందు, సేనీ చేతులు తీసిన క్షణానికి, ఇనుప చెయ్యి వచ్చి డబ్బాను పట్టుకుంది.

ఎత్తింది. బోర్లించింది. ఏమీ పడలేదు.

"ఇరుక్కుంది!" అంది సేనీ. "దేవుడా, ఇరుక్కుంది!"

జోయెలీన్ ఇనుప చెయ్యిని ఒకసారి విదిలించింది. రెండోసారి విదిలించింది. వీధంతా నిక్కర్లతో, నైటీలతో తలలెత్తి చూస్తోంది. మూడోసారికి లారీ కడుపులో ఫెళ్ళుమని ఒక చప్పుడయింది, డబ్బా తేలిగ్గా ఊగుతూ కిందికి దిగింది.

వీధి ఒక్కసారి కేక పెట్టింది. డుగల్ ఒంటి చెప్పుతో గడ్డి మీద చతికిలబడ్డాడు. సేనీ అతని నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, వంగి ముద్దుపెట్టుకుని, జేబులోంచి ఫోన్ తీసింది.

"విలియామీ! పడుకున్నావా ఇంకా? లే! పందులెక్కించు! బయల్దేరు!"

లారీ మిగతా సరి వరుస ముందు గుంపుగా నిలబడ్డ డబ్బాలన్నిటినీ ఒక్కొక్కటే ఎత్తి, బోర్లించి, దించి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. మెర్ల్ నా దగ్గరకొచ్చింది.

"ఏం రాస్తున్నావు?"

విరిగిన పెన్సిల్‌ను ఆమెకు చూపించాను. ఆమె చెవి మీద పెట్టుకున్న పెన్ను తీసి ఇచ్చింది. ఆ పెన్నుతోనే రాశాను.

జనవరి 8, గురువారం. ఉదయం 6.04 నుంచి 6.21 వరకు. మెర్ల్ పెట్టిన మూత ఆకుపచ్చ. లారీ ఎత్తిన మూత ఆకుపచ్చ. అరవై రెండు వారాలకు అరవై రెండు. ఖాళీ అయిన ఆకుపచ్చ డబ్బాలు పదమూడు. ఖాళీ కానిది ఒకటి, పదకొండో నంబరు.

జనవరి 10, శనివారం. గరిష్ఠ ఉష్ణోగ్రత 38.6. పెళ్ళి సాయంత్రం నాలుగు గంటలకు జరిగింది.